వర్షమాపకం ఎవరింట్లో ఉంది?

కదిరి వైపు పల్లెల్లో ‘ఫింగర్ పడింది’ అంటే అర్థం అడిగేవాళ్లు ఉండరు. కువైట్‌లో వేలిముద్రలు తీసుకుని పంపేసినారు, మళ్లీ అక్కడ దిగితే విమానాశ్రయంలోనే యంత్రం పట్టేస్తుంది అని. పెళ్లాం ఇట్లా తిరిగొచ్చేసి, మొగుడు అక్కడే డ్రైవరుగా మిగిలిపోయిన ఇళ్లల్లో ఆ మాటకు బరువెక్కువ. అదే కదిరి నుంచి ఇంజినీరింగు చదివి అమెరికా పోయినవాళ్లకు ఇంకో మాట తగులుతుంది. వేవర్. తెలుగులో చెప్పాలంటే మాఫీ. మాఫీ అంటే మనకు బ్యాంకు అప్పే గుర్తొస్తుంది గానీ, ఇది నిషేధానికి మాఫీ. దేశంలోకి రాకూడదని ముద్ర పడిన మనిషిని, అతని భార్యనో ఆమె భర్తనో చూసి రానివ్వడం.

అమెరికాలో ఈ నిషేధాలకు ఇప్పుడున్న రూపం 1996 నాటి చట్టంతో వచ్చింది, 1997 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి వెళ్లిపోతే 3 ఏళ్లు రాకూడదు, ఏడాది లేదా ఆపైన ఉంటే 10 ఏళ్లు. తమాషా ఏమంటే దేశంలో ఉన్నంతసేపు ఈ గొళ్లెం కనపడదు. గడప దాటి బయట కాలు పెట్టగానే పడుతుంది. అమ్మ చావుకని వచ్చినా అంతే. అందుకే 2013 మార్చి నుంచి, గడప దాటకముందే ముందస్తు మాఫీ అడిగే వీలు కల్పించారు. అది అనుమతి లేని బసకు మాత్రమే. అబద్ధం చెప్పి, దొంగ కాగితం చూపి వీసా తీసుకున్నట్టు అధికారి తేల్చితే నిషేధానికి గడువే లేదు, జీవితాంతం.

మనవాళ్లకు ఎక్కువ భయం ఈ రెండోదే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు అందులో చేరినవాళ్లలో ఆంధ్ర విద్యార్థులే ఎక్కువ. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టినారు. 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అసలు కాలేజీయే కాదు, అధికారులే పన్నిన వల. అందులో 129 మంది భారతీయులను పట్టుకున్నారు, చాలామంది తెలుగువాళ్లే. మోసపోయినవాడెవడు, తెలిసే చేరినవాడెవడు అన్నది పదేళ్ల తర్వాత వీసా కిటికీ దగ్గర తేల్చడం మహా కష్టం. ఇరవై రెండేళ్లప్పుడు ఒక ఏజెంటు మాట విన్నవాడు ముప్పై రెండేళ్లప్పుడు అక్కడి పౌరురాలిని పెళ్లి చేసుకుని, గుంతకల్లులో రైలెక్కి ముంబయి కాన్సులేటుకు ఇంటర్వ్యూకు పోతాడు. పాత ఫైలు అప్పటికే అక్కడ కూర్చుని ఉంటుంది.

మాఫీ అడిగేవాళ్లు చూపాల్సింది ‘తీవ్రమైన కష్టం’. ఎవరి కష్టం? నిషేధం పడినవాడిది కాదు. అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్న భార్యది, భర్తది, లేదా కన్నవాళ్లది. ఈ రెండు రకాల నిషేధాల్లోనూ పిల్లల కష్టాన్ని నేరుగా లెక్కించరు. బిడ్డ ఏడుపు తల్లిని ఎంత కుంగదీసిందో చూపిస్తే తల్లి ఖాతాలో పడుతుంది, అంతే.

ఈ నిబంధన చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా మండల కేంద్రాల్లోని వర్షమాపకాలు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో శెనక్కాయ పండించే నేల మాది. వాతావరణ బీమా ఉన్న ఏళ్లలో పరిహారం తేల్చేది చేను కాదు, మండలంలో ఒకచోట పెట్టిన ఆ గిన్నె. అక్కడ ఒక జల్లు పడిందా, మూడు మైళ్ల అవతల మాడిపోయిన చేను కూడా కాగితం మీద తడిసిపోతుంది. కరువు మండలంగా ప్రకటించాలన్నా అంతే. లోటు ఎంత శాతం, వానకూ వానకూ నడుమ ఎన్ని ఎండు దినాలు, పంట ఎంత పోయింది. కళ్లముందు కనపడేదాన్ని అంకెల్లోకి దించితేనే ఆఫీసరుకు కనపడుతుంది. అమెరికా మాఫీ చట్టంలో కష్టాన్ని కొలిచే గిన్నె పౌరురాలి ఇంట్లో పెట్టినారు. ఆమె పైన పడినదే లెక్క. కదిరిలో కూర్చున్న మొగుడి దిగులు ఎంత ఉన్నా గిన్నెలో చుక్క పడదు.

పైగా మామూలు ఎడబాటు చాలదు. మొగుడు దూరమైతే ఎవరైనా ఏడుస్తారు, అది ‘సహజం’ కాబట్టి కొలతకు రాదు. దానికి మించి ఉండాలి: డాక్టరు రాసిన జబ్బు, మానసిక నిపుణుల నివేదిక, ఒంటి చేత్తో కట్టలేని ఇంటి అప్పు, ముసలి తల్లిదండ్రుల బాధ్యత. ఆమె అక్కడే ఒంటరిగా ఉంటే ఏమవుతుంది, ఇక్కడికొచ్చి కాపురం చేస్తే ఏమవుతుంది అని రెండు వైపులా చూస్తారు.

ఆ రెండో ప్రశ్న దగ్గర మా ఊరే సాక్షి అవుతుంది. ఉద్యోగాలు లేవు, నీళ్లు లేవు, వలసలు ఆగవు అని మా జిల్లా గురించి పేపర్లలో వచ్చిందంతా ఫైలులోకి ఎక్కుతుంది. కరువు ఒక్కసారైనా మన పక్కన నిలబడుతుందన్నమాట. కానీ జాగ్రత్తగా రాయాలి. ‘అక్కడ వైద్యం దొరకదు’ అని గుడ్డిగా రాస్తే నిలవదు. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్న సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. ఆమెకున్న ఫలానా జబ్బుకు, వాడుతున్న ఫలానా మందుకు ఇక్కడ దారి ఏమిటో చెప్పాలి. ఎంత జాగ్రత్తగా రాసినా కొన్ని తప్పులకు గిన్నె పెట్టే అవకాశమే లేదు. వీసా కోసం దొంగ పెళ్లి చేసుకున్నట్టు తేలినా, అమెరికా పౌరుణ్ణని అబద్ధం చెప్పినా ఈ మాఫీ పనిచేయదు.

హెచ్1బీ మీద ఉన్న మొగుడి దగ్గరకు డిపెండెంటుగా పోవాల్సిన భార్య పరిస్థితి వేరు. ఆయనకు పౌరసత్వమూ లేదు, గ్రీన్‌కార్డూ లేదు, కాబట్టి గిన్నె లేదు. కానీ తాత్కాలిక వీసాలకు వేరే మాఫీ ఉంది. 1978 నాటి హ్రాంకా అనే కేసులో తేల్చిన మూడు ప్రశ్నలే దానికి ఇప్పటికీ కొలత: రానిస్తే సమాజానికి హాని ఎంత, చేసిన తప్పు ఎంత పెద్దది, రావాల్సిన కారణం ఏమిటి. నన్నడిగితే ఇదే మనిషిని మనిషిగా చూసే పద్ధతి.

భార్యాభర్తలు కలిసుండటం హక్కు కదా అని అడగొచ్చు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు మునోజ్ కేసులో కాదంది. పౌరుల జీవిత భాగస్వామిని దేశంలోకి రానివ్వాలన్నది రాజ్యాంగం కాపాడే ప్రాథమిక హక్కు కాదని తేల్చింది.

కువైట్ దారిలో భార్య కష్టాన్ని కొలిచే ఇలాంటి గిన్నె లేదు. అక్కడున్నది ఆమ్నెస్టీ, పేపర్ల భాషలో క్షమాభిక్ష. సేటు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, ఇంటి నుంచి బయటపడి అకామా (నివాస అనుమతి) లేకుండా మిగిలినవాళ్లను ‘కల్లివెల్లి’ అంటారు. 2018 జనవరి 29న మొదలైన క్షమాభిక్ష గడువు పెరిగి ఏప్రిల్ 22 దాకా నడిచింది. 2024లో మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇంకోటి ఇచ్చినారు. ఆ రోజుల్లో పోయినవాళ్లు కొత్త వీసా మీద మళ్లీ రావచ్చు. ఆ తర్వాత పట్టుబడితే ఫింగర్. పెళ్లయిందా, పెనిమిటి అక్కడే ఉన్నాడా అన్నది ఎవరూ అడగరు. కుటుంబ వీసా తెచ్చుకుందామంటే 2024 జనవరిలో పెట్టిన షరతు నెలకు 800 దినార్ల జీతం. ఇంటిపనివాళ్లకు 2016లో నిర్ణయించిన కనీస జీతం 60 దినార్లు.

అందుకే కువైట్‌కు మనుషులను పంపిన ఇళ్లల్లో మాఫీ మాట రాదు. సేటు లీవు ఎప్పుడిస్తాడంట, ఎన్ని నెలలకిస్తాడంట అనే అడుగుతారు.