ఎడమొహం, పెడమొహం - పిల్లల ఆరోగ్యం

తల్లిదండ్రులు విడిపోతే పిల్లలకు జలుబు చేస్తుందంటే నమ్ముతారా? అప్పటికప్పుడే కాదు, ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత! అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2017లో ఇలాంటి విచిత్రమైన ఫలితాన్నే ప్రకటించారు.

వారు ఆరోగ్యంగా ఉన్న 201 మంది వయోజనులను ఇతరులకు దూరంగా ఉంచి, జలుబు కలిగించే వైరస్‌ను వారి ముక్కుల్లోకి ఎక్కించారు. అయిదు రోజులపాటు గమనించారు. చిన్నతనంలో ఎవరి తల్లిదండ్రులు విడిపోయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా మానేశారో, వారికి జలుబు పట్టుకునే అవకాశం మూడు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. తల్లిదండ్రులు విడిపోయినా మాటలు సాగిన ఇళ్ల పిల్లలకు మాత్రం, కలిసి ఉన్న దంపతుల పిల్లలతో పోలిస్తే తేడా కనిపించలేదు.

అంటే విడాకుల కాగితం కన్నా, దాని వెనక ఉన్న వైరమే పిల్లల ఒంటికి ఎక్కువ చేటు చేస్తోందన్న మాట.

ఒత్తిడి ఒంట్లోకి ఎలా చేరుతుంది?

జలుబులో ముక్కు కారడం, దిబ్బడ వేయడం చాలావరకు వైరస్ చేసే పనులు కావు. వైరస్‌ను ఎదుర్కోవడానికి మన శరీరం చేసే హడావుడి అది. దీన్ని శోథ అంటారు. శోథ అదుపులో ఉంటే మేలు చేస్తుంది, హద్దు మీరితే బాధిస్తుంది.

దాన్ని అదుపు చేసేవాటిలో ముఖ్యమైనది కార్టిసాల్ అనే హార్మోను. భయం, ఆందోళన కలిగినప్పుడు మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు దీన్ని ఎక్కువగా స్రవిస్తాయి. అపాయం తొలగగానే స్రావం తగ్గిపోవాలి. కాని రోజూ కీచులాటలు జరిగే ఇంట్లో అపాయం తొలగేదెప్పుడు? నెలల తరబడి కార్టిసాల్ తాకిడికి లోనైన తెల్ల రక్తకణాలు చివరకు దాని ఆదేశాలను పట్టించుకోవడం మానేస్తాయి. శోథకు పగ్గాలు వదులవుతాయి. పసితనంలో దెబ్బతిన్న ఈ అమరిక పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా.

దంపతుల మాటేమిటి?

జీవితంలో ఎదురయ్యే మార్పులు కలిగించే ఒత్తిడిని కొలవడానికి హోమ్స్, రాహే అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1967లో ఒక పట్టిక తయారుచేశారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులు, విడాకులకు 73, ఎడబాటుకు 65. జైలు శిక్షకు ఇచ్చినవి 63 మాత్రమే!

ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం 1987లో స్త్రీల రక్తాన్ని పరీక్షించింది. భర్త నుంచి విడిపోయి ఏడాది దాటని వారిలో రోగనిరోధక శక్తి వివాహితులలో కన్నా తక్కువగా ఉంది. మాజీ భర్తపై మమకారం చావని వారిలో మరింత తక్కువ. కాలం గడిచినకొద్దీ పరిస్థితి మెరుగ్గా ఉండటం ఊరట కలిగించే విషయం.

అలాగని పోట్లాడుకుంటూ కలిసి ఉండటం కూడా ఆరోగ్యం కాదు. ఇదే బృందం 2005లో దంపతుల చేతులపై చిన్న బొబ్బలు కల్పించి, అవి మానే తీరును పరిశీలించింది. తరచు కస్సుబుస్సులాడే దంపతుల పుండ్లు, సామరస్యంగా ఉండేవారి పుండ్లతో పోలిస్తే 60 శాతం వేగంతోనే మానాయి.

అయితే విడిపోయిన వారి ప్రతి జబ్బుకూ విడాకులే కారణమనలేం. దీర్ఘవ్యాధి, తాగుడు వంటివి కాపురాన్ని కూల్చడమూ ఉంది. విడిపోయాక ఆదాయం పడిపోతే మందులు, తిండి, నిద్ర అన్నీ వెనకబడతాయి. ఆ భారం ఎక్కువగా స్త్రీల మీదే పడుతుంది. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షలు. విడాకులు లేకుండానే విడిగా ఉంటున్నవారు అంతకు దాదాపు మూడు రెట్లు. వీరిలో చాలామందికి భరణమూ లేదు, మరో జీవితం మొదలుపెట్టే స్వేచ్ఛా లేదు.

పిల్లల కోసం సర్దుకుపోవాలా?

"పిల్లల మొహం చూసైనా సర్దుకుపోండి" అని పెద్దలు చెబుతారు. ఇందులో సగమే నిజం. తీవ్రంగా పోట్లాడుకునే తల్లిదండ్రులు విడిపోతే, పిల్లలు పెద్దయ్యాక మెరుగ్గా ఉన్నారని పాల్ అమాటో తదితరులు 1995లో గమనించారు. అటువంటి ఇళ్లలోనే ఉండిపోయిన పిల్లల స్థితి అంతకన్నా అధ్వాన్నం. పెద్దగా గొడవలు లేని ఇంట్లో పిడుగులా విడాకులు వచ్చిపడితే మాత్రం పిల్లలు దెబ్బతిన్నారు.

దాదాపు 1,400 కుటుంబాలను సుదీర్ఘకాలం పరిశీలించిన మేవిస్ హెదరింగ్టన్ లెక్క ప్రకారం, విడిపోయిన ఇళ్ల పిల్లల్లో 25 శాతం మందికి తీవ్రమైన మానసిక, సామాజిక సమస్యలు వచ్చాయి. కలిసి ఉన్న ఇళ్లలో ఇది 10 శాతం. ముప్పు పెరిగిన మాట నిజమే. కాని నలుగురిలో ముగ్గురు తట్టుకుని నిలబడ్డారని కూడా ఇదే లెక్క చెబుతోంది.

పసిపిల్లలు తమ బాధను మాటల్లో చెప్పలేరు. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెడతారు, తల్లి కొంగు వదలరు. బడి పిల్లలు కడుపునొప్పి, తలనొప్పి అంటారు. పరీక్షల్లో ఏ జబ్బూ కనిపించకపోయినా ఆ నొప్పి నటన కాదు. "నా వల్లే అమ్మానాన్నా విడిపోయారు" అనే అపోహ చాలామందిలో ఉంటుంది. అది నిజం కాదని ఇద్దరూ, ఒక్కసారి కాదు, పదేపదే చెప్పాలి.

విడిపోక తప్పనప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం. ఒకరి మీద ఒకరు కబుర్లు పంపడానికి పిల్లలను వాడకూడదు. వారి ఎదుట రెండోవారిని నిందించకూడదు. బడి, నిద్ర, భోజనాల వేళలు మారకుండా చూడాలి. అమ్మమ్మ ఇల్లు గాని, నాయనమ్మ ఇల్లు గాని దూరం చేయకూడదు. తల్లిదండ్రులు కూడా మొదటి ఏడాది తమ నిద్ర, రక్తపోటు గమనించుకోవాలి. దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ణి కలవాలి.

భార్యాభర్తల బంధం తెగినా తల్లీ తండ్రీ అన్న బంధం తెగదు. పిల్లవాడి జ్వరం గురించి, చదువు గురించి నాలుగు మాటలు మర్యాదగా మాట్లాడుకోగలిగితే, అది ఆ బిడ్డకు చాలా ఏళ్లపాటు పనిచేసే మందు.