సరస్సు మంచుతో తీపి వైన్

ద్రాక్ష గుత్తికి బూజు పడితే ఏ రైతుకైనా గుండె జారుతుంది. ఆస్ట్రియాలోని నాయ్‌జీడ్లర్ సరస్సు ఒడ్డున మాత్రం రైతులు ఆ బూజు కోసమే ఎదురుచూస్తారు. ఖరీదైన తీపి వైన్‌కు అదే ఆధారం.

రాజధాని వియన్నాకు ఆగ్నేయంగా, హంగరీ సరిహద్దులో ఈ సరస్సు ఉంది. విస్తీర్ణం సుమారు 315 చదరపు కిలోమీటర్లు. అంటే 308 చదరపు కిలోమీటర్ల మన కొల్లేరు అభయారణ్యమంత. లోతు ఎక్కడా రెండు మీటర్లు దాటదు. ఒడ్డంతా కొల్లేటి కిక్కిసను తలపించే రెల్లు అల్లుకుని ఉంటుంది. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉదయం మంచు.. మధ్యాహ్నం ఎండ

లోతు తక్కువ కావడంతో వేసవిలో నీరు త్వరగా వేడెక్కుతుంది. శరదృతువు రాత్రుల్లో గాలి చల్లబడినా నీటిలో వెచ్చదనం మిగిలే ఉంటుంది. ఆ నీటి ఆవిరి చల్లగాలికి పొగమంచుగా మారి తోటలను కమ్ముతుంది. ఈ తేమలో 'బోట్రైటిస్ సినిరియా' అనే శిలీంధ్రం పండిన కాయలపై పెరిగి, తొక్కకు కంటికి కనిపించని రంధ్రాలు చేస్తుంది. మధ్యాహ్నపు ఎండకు, గాలికి కాయలోని నీరు వాటి గుండా ఆవిరవుతుంది. కాయ ముడుచుకుని తీపి, పులుపు చిక్కబడతాయి.

ఎండ రాక ముసురు పట్టిందా, అదే శిలీంధ్రం పంటను కుళ్లబెడుతుంది. కాయలన్నీ ఒకేసారి సిద్ధం కావు. కూలీలు పలుమార్లు తోటలోకి వెళ్లి, ముడుచుకున్న వాటినే చేత్తో ఏరుతారు. రసం తక్కువ, శ్రమ ఎక్కువ. అందుకే ధర కూడా ఎక్కువే.

నగర హోదాకు వైన్ చెల్లింపు

పడమటి ఒడ్డున ఉన్న రుస్ట్ పట్టణం 1681లో స్వతంత్ర నగర హోదా పొందింది. అందుకు చక్రవర్తి మొదటి లియోపోల్డ్‌కు 60 వేల గుల్డెన్ల సొమ్ముతోపాటు స్థానిక తీపి వైన్‌నూ చెల్లించింది. 'ఆస్‌బ్రుఖ్'గా పిలిచే ఆ వైన్ నేటికీ రుస్ట్‌కు పేరు తెస్తోంది.

నీరు తగ్గితే ముప్పే

ఈ సరస్సులో చేరే నీటిలో అధిక భాగం వాననీరే. అందువల్ల కరవొస్తే మట్టం పడిపోతుంది. 1860వ దశకంలో సరస్సు పూర్తిగా ఎండిపోయింది. 2022 కరవులోనూ నీరు బాగా తగ్గగా, తూర్పు ఒడ్డుకు చేరువలోని జిక్ సరస్సు ఎండింది. నీరు తగ్గితే ఉదయపు మంచు పలచబడుతుంది, కోరుకున్న బూజు పట్టదు. అందుకే అక్కడి రైతులు వానతోపాటు సరస్సు మట్టాన్నీ గమనిస్తూ సాగు చేస్తారు.