దోమ చెప్పు పాఠము

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గోదావరికి సమీపమున, అడవి అంచున మణుగూరు ఉన్నది. 2016 వరకు ఇది ఖమ్మం జిల్లాలోనిది. ఒక వంక సింగరేణి బొగ్గు గనులు. మరియొక వంక అడవి, అందులో కోయ గూడెములు. వానలు పడిన పిదప ఇక్కడ నీరు నిలువని చోటు అరుదు. బండి చక్రముల గాడులలో, మన్ను త్రవ్విన గోతులలో, వరిమడులలో, వాగుల అంచులలో నీరు నిలుచును. ఆ నీటిలో దోమ పుట్టును; దోమ వెంట మలేరియా జ్వరము వచ్చును. జంతుశాస్త్రము ఎందుకు చదువవలెను, జీవసాంకేతిక శాస్త్రము దేనికి పనికివచ్చును అని ఇక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థి అడిగినచో, ఆ రెండింటికిని దోమయే సమాధానము చెప్పగలదు.

దోమ జీవితములో నాలుగు దశలు: గ్రుడ్డు, డింభకము, ప్యూపా, రెక్కల దోమ. మొదటి మూడును నీటిలోనే గడచును. ఒక గరిటెతో గుంటనీటిని తీసి తెల్లని గిన్నెలో పోసి చూచినచో డింభకములు స్పష్టముగా కనబడును. కొన్ని నీటిమట్టమునకు సమాంతరముగా పడుకొనియుండును. ఇవి ఎనాఫిలిస్ దోమ పిల్లలు. మరికొన్ని తల క్రిందుగా వ్రేలాడుచుండును. ఇవి క్యూలెక్స్, ఈడిస్ జాతులవి. ఈ భేదమునకు కారణము సులభము. క్యూలెక్స్, ఈడిస్ డింభకములకు తోకవైపున గాలి పీల్చు గొట్టము ఉన్నది. ఆ గొట్టపు కొనను పైకి ఆనించి తక్కిన శరీరమును క్రిందికి వ్రేలాడదీయును. ఎనాఫిలిస్‌కు ఆ గొట్టము లేదు. కనుక అది నీటిమట్టమునకు ఆనుకొనియే గాలి పీల్చుకొనవలెను.

మనుష్యులకు మలేరియాను చేర్చునది ఎనాఫిలిస్ మాత్రమే. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగునని తేలినది తెలుగునేలమీదనే. సికింద్రాబాదులో సైనిక వైద్యుడుగా పనిచేయుచుండిన రోనాల్డ్ రాస్ రెండేండ్లపాటు దోమల కడుపులు కోసి చూచెను. ఏమియు దొరకలేదు. ఏలయన, ఆయన చూచిన దోమలలో ఎక్కువ భాగము వేరు జాతులవి. 1897 ఆగస్టు 20వ తేదీన, రోగి రక్తము త్రాగిన మచ్చల రెక్కల దోమను కోసినప్పుడు, దాని కడుపు గోడలో పరాన్నజీవి పెరుగుచున్న బుడిపెలు కనబడెను. మచ్చల రెక్కల ఆ దోమయే ఎనాఫిలిస్. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. జంతువును సరిగా గుర్తింపకున్నచో ఎంత శ్రమయైనను వ్యర్థమగునని ఈ కథ తెలుపుచున్నది.

ఇదే పాఠమును దేశము మరియొక విధముగా నేర్చెను. 1953లో భారతదేశము డి.డి.టి. చల్లుటతో మలేరియా నివారణ కార్యక్రమమును ఆరంభించెను. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు 1 లక్షకు తగ్గెను. 1976లో అది 64 లక్షలు దాటెను. దీనికి కారణములు పెక్కు. అందులో ఒకటి దోమయే. మందు చల్లినప్పుడు చావని కొన్ని దోమలు మిగిలినవి. వాటి సంతతియే వృద్ధిపొందినది. విషము మారలేదు, దోమల జనాభా మారినది.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు ఒకటి కలదు. మన పల్లెలలో మలేరియాను వ్యాపింపజేయు దోమలలో ముఖ్యమైనది ఎనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. ఇది నిజమునకు ఒక జాతి కాదు, ఐదు సహోదర జాతుల సముదాయము. వీటికి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు. కంటికిని, భూతద్దమునకును ఐదును ఒకే విధముగా కనబడును. కాని బి జాతి మలేరియాను మోయుటలో బహు బలహీనము. ఊరిలో ఉన్నది ఏ జాతియో తెలియకుండ మందు చల్లినచో శ్రమయు, ధనమును తప్పుచోట వ్యయమగును.

కంటికి అందని ఈ భేదమును జీవసాంకేతిక శాస్త్రము పట్టుకొనును. దోమ కాలు ఒక్కటి చాలు. అందులోని డి.ఎన్.ఎ.లో కోరిన భాగమును పి.సి.ఆర్. అను పద్ధతిచే పలుమార్లు నకలు తీయుదురు. ఒక్కొక్క ఆవృత్తిలో నకళ్లు రెట్టింపగును. విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును: ఒకటిని 30 పర్యాయములు రెట్టింపు చేసినచో 107 కోట్లు దాటును. అంత మొత్తమైనచో పరీక్షించుట సులభము. ఆ భాగములోని తేడానుబట్టి జాతి తెలియును.

రోగి విషయములోను ఇట్లే. గూడెములో పిల్లవానికి చలిజ్వరము వచ్చినచో అది మలేరియాయా, అయినచో ఏ రకము అని త్వరగా తెలియవలెను. ప్లాస్మోడియం ఫాల్సిపారం మెదడుకు సోకి ప్రాణము తీయగలదు. వైవాక్స్ కాలేయములో దాగి, కొంతకాలమునకు మరల జ్వరము తెప్పించును. రెండింటికిని చికిత్స వేరు. సూక్ష్మదర్శిని లేని చోట, వ్రేలినుండి తీసిన ఒక రక్తపు బొట్టును చిన్న పట్టీపై వేసినచో సుమారు 20 నిమిషములలో గీతలు కనబడును. పరాన్నజీవి విడిచిన మాంసకృత్తును పట్టుకొను ప్రతిరక్షకములు ఆ పట్టీపై అమర్చబడియుండును. అట్టి ప్రతిరక్షకములను ఎలుక కణములనుండి కావలసినంతగా తయారుచేయు పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

అయినను పట్టీ సర్వజ్ఞము కాదు. కొన్ని ఫాల్సిపారం జీవులలో ఆ మాంసకృత్తును తయారుచేయు జన్యువే లోపించియున్నట్లు 2010లో పెరూ దేశమున వెల్లడియైనది. అట్టివానిని ఆ పట్టీ గుర్తింపలేకపోవచ్చును. అందుచేతనే సూక్ష్మదర్శినితో రక్తమును పరీక్షించు పాత విద్యకు నేటికిని విలువ తగ్గలేదు.

పాఠశాలలో ఈ పాఠమునకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఒక గరిటె, తెల్లని గిన్నె, పైన సన్నని తెరగుడ్డ కట్టిన గాజుసీసా, ఒక నోటుపుస్తకము చాలును. ఉపాధ్యాయుడు వారమున కొకసారి ఒకే గుంటనుండి పది గరిటెల నీరు తీయించి, ఏ రకము డింభకములు ఎన్ని ఉన్నవో వ్రాయించవచ్చును. వాగులకు, లోతు నీటికి పిల్లలను ఒంటరిగా పంపరాదు. పరిశీలన ముగిసిన వెంటనే ఆ నీటిని ఎండిన నేలపై పారబోయవలెను. సీసాలో రెక్కల దోమలు తయారుకానీయరాదు. గ్రుడ్డు దోమయగుటకు సుమారు 7 నుండి 14 దినములు పట్టును. ఇంటి తొట్లను వారమునకు ఒకసారి కడిగి ఆరబెట్టుమని చెప్పుటలోని అర్థము అప్పుడు పిల్లలకు తమంతట తామే తెలియును.

ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసికొనువారు ముందుముందు జన్యువులను గూర్చి, పి.సి.ఆర్. గూర్చి విపులముగా చదువుదురు. గుంటలోని డింభకము ఏ విధముగా పడుకొన్నదో ఒకసారి స్వయముగా చూచిన విద్యార్థికి ఆ చదువు మాటల మూటగా తోచదు. తన ఊరి జ్వరమునకు అందులో జవాబు ఉన్నదని అతడు ముందే ఎరుగును.