పక్షవాతము తరువాత కారు నడుపుట

పక్షవాతము తగ్గి, చేయి, కాలు స్వాధీనమైనంతనే కొందరు కారు నడుపబూనుదురు. ఇంటివారు తాళపుచెవి దాచుదురు. ఇది వట్టి పిరికితనము కాదు. మెదడు కుడిభాగము దెబ్బతిన్నచో, కన్ను చక్కగా ఉన్నను, ఎడమవైపు వస్తువులు మనస్సున కెక్కకపోవచ్చును. చిత్రమేమనగా, ఆ లోపము తరచు రోగికే తెలియదు! గడియారపు ముఖము గీయమన్నచో అంకెలన్నియు కుడివైపుననే కుక్కును. మన రోడ్లపై సైకిలువాడు, పాదచారి ఉండునది సాధారణముగా ఆ ఎడమవైపుననే. ప్రక్కసీటులోని ఇల్లాలు ఉలికిపడుట అందుకే.

పలువురికి ఇది క్రమముగా తగ్గును. తగ్గినదని వాదించిన చాలదు, పరీక్ష కావలెను. బ్రిటనులో కనీసము 1 నెల కారు నడుపరాదని నియమము. వైద్యుడు చూపును, అవధానమును పరీక్షించి సరేనన్న పిదప, పగటివేళ, రెండవ బ్రేకుగల శిక్షణకారులో ప్రారంభించుట మేలు. వెనుకసీటులో ఇంటివారిని కూర్చుండబెట్టుకొనవలెను. వారు లేని బ్రేకును కాలితో నొక్కుట మానిన నాడు సొంత కారు తీయవచ్చును.