‘ఆర్’ గోలీ మింగితే షుగర్ దిగుతదా?

మొన్న మా ఊరి తమ్ముడొకడు ఫోన్‌ల ఒక డబ్బా చూపెట్టి, "అన్నా, ఇది ఆర్ రకమట. అమ్మకు మెట్‌ఫార్మిన్ బంద్ జేసి ఇది ఇయ్యొచ్చా?" అని అడిగిండు. నాకు గుండె ఝల్లుమన్నది.

అది ఆల్ఫా లిపోయిక్ యాసిడ్. కుడిచెయ్యి, ఎడమచెయ్యి లెక్క దాంట్ల రెండు రూపాలుంటయి: ఆర్, ఎస్. మన ఒంట్ల తయారయ్యేది ఆర్ ఒక్కటే. మామూలు గోలీల రెండూ సగం సగం. ఆర్ నెత్తుర్లకు ఎక్కువ ఎక్కుతది, నిజమే. కానీ నెత్తుర్లకు ఎక్కుడు వేరు, షుగర్ దించుడు వేరు. ఆర్ ఎక్కువ దించుతదని గట్టి రుజువు లేదు. డాక్టర్లు దీన్ని ఎక్కువగా రాసేది కాళ్ల తిమ్మిర్లకు, మంటలకు.

తమ్మీ, మెట్‌ఫార్మిన్ బంద్ పెట్టకు. ఆ డబ్బా పైసలతోని అమ్మకు మూడు నెలల షుగర్ లెక్క చెప్పే పరీక్ష చేపియ్యి. ఇంకేదన్న కావాల్నంటే డాక్టర్‌నే అడుగు.