గాలికి లేచే గూన... వానకు ఉరిసే ఇల్లు
చెదలు, కోతులు, పనివాళ్ళ కొరత: పాత పెంకుటిళ్ళకు అన్నీ గండాలే

కరీంనగర్: రోహిణి కార్తెలో ఈదురుగాలి లేచిందంటే చాలు, పాత పెంకుటిళ్ళవారి గుండెల్లో రాయి పడుతుంది. మృగశిర చినుకు రాలేలోగా కప్పు సర్దించుకోకపోతే వానాకాలమంతా ఇంట్లో గిన్నెలు, తట్టలు పరుచుకుని కూర్చోవలసిందే. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో ఎనిమిది జిల్లాలయ్యాయి. ఊరూరా స్లాబు ఇళ్ళు లేచాయి. అయినా ఊరి నడుమ మట్టి గోడలు, గూన కప్పుల ఇళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. పిల్లలు బతుకుతెరువుకు బొంబాయికో, దుబాయికో పోగా ఆ ఇళ్ళలో ఉంటున్నది ఎక్కువగా ముసలివాళ్ళే.

నిరుడు సర్దిన పెంకు ఈ ఏడు మళ్ళీ ఎందుకు జారుతుందన్నది వీరందరి ప్రశ్న.

బరువే బందోబస్తు

గూనకు మేకు ఉండదు, తీగ ఉండదు. కుమ్మరి సారెపై గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి కాల్చిన పెంకు ఇది. ఒక వరుసను వెల్లకిలా, దానిపై మరో వరుసను బోర్లా పేరుస్తారు. దాన్ని నిలిపేది దాని బరువు, కింది వెదురు తడక పట్టు మాత్రమే. వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకునే వెదురు ఏళ్ళు గడిచేకొద్దీ నున్నబడుతుంది. పుప్పి పట్టి పొడి రాలుతుంది. కట్టిన తాళ్ళు చివికిపోతాయి. పట్టు తప్పిన గూన వాలు వైపు జారక ఏం చేస్తుంది?

బెంగుళూరు పెంకు సంగతి కొంత నయం. పేరు బెంగుళూరుదే గాని దాని పుట్టిల్లు మంగుళూరు. 1865లో బాసెల్ మిషన్ వారు అక్కడ దాని ఫ్యాక్టరీ పెట్టారు. ఈ పెంకు వెనుక కొక్కెం వంటి గుబ్బలుంటాయి. అవి రీపరును పట్టుకుని నిలుస్తాయి. రీపరు మేకు తుప్పు పట్టినా, గుబ్బ విరిగినా ఆ పెంకూ జారుతుంది. ఒకటి జారితే దాని పైది ఆసరా పోగొట్టుకుంటుంది.

రోగం కర్రలో ఉంది

తప్పు పెంకుది కాని ఇళ్ళే ఎక్కువ. మట్టి గోడలోంచి చెదలు పైకి పాకి, వాసం గోడపై ఆనిన చోట ముందుగా పడతాయి. పైకి కర్ర బాగానే కనిపిస్తుంది, లోపల డొల్ల. ఆదిలాబాదు అడవి పక్క ఊళ్ళలో పాతకాలపు చేవ టేకు వాసాలు తరాల తరబడి నిలిచాయి. తరువాత చవకగా దొరికిన కర్ర వేసినవి త్వరగా కుంగాయి. వాసం ఒక్క అంగుళం కుంగినా పెంకుల మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందులో వాన దిగితే కర్ర నానుతుంది. నానిన కర్ర ఇంకా కుంగుతుంది. సరిగా కాలని పెంకు నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతుంది. ఆ బరువూ వాసం మీదే.

గాలి పని వేరు. అది పెంకును తోయడం కంటే లేపడమే ఎక్కువ. కప్పు మీదుగా జోరుగా వీచే గాలి పెంకును పైకి లాగుతుంది. తెరిచిన తలుపులోంచి దూరిన గాలి కిందనుంచి నెడుతుంది. అందుకే చూరు దగ్గర, నడికొప్పు దగ్గర పెంకులు ముందుగా లేస్తాయి.

కోతుల ఆగడం

వీటన్నిటికీ కోతులు తోడయ్యాయి. అడవిలో పండ్ల చెట్లు తగ్గి ఊళ్ళ మీద పడ్డ మందలు కప్పు నుంచి కప్పుకు దూకుతుంటే గూనలు పగలక మానవు. పురుగుల కోసం పెంకులు ఎత్తి చూసే కోతులూ ఉన్నాయి. నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు. కాని ఊళ్ళలో మందలు తగ్గలేదని రైతులు వాపోతున్నారు.

పగిలిన గూన స్థానంలో మరొకటి వేద్దామన్నా దొరకడం కష్టం. కుమ్మరి ఆములు చాలా ఊళ్ళలో చల్లారాయి. కప్పు తిరగవేసే పనివాళ్ళు ముసలివారయ్యారు. వారి కొడుకులు ఆ పని నేర్వలేదు. కూలిన ఇళ్ళ గూనలు కొనుక్కుని వాడుకోవడమే ఇప్పుడు దారి.

ఏం చేయాలి?

తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదంటారు. సొంతింటి వాసాలు మాత్రం ఏటా లెక్కపెట్టుకోవాలి. మిట్ట మధ్యాహ్నం తలుపులు మూసి లోపలినుంచి పైకి చూస్తే వెలుతురు చుక్కలున్న చోటల్లా వాన దిగుతుంది. వాసం గోడపై ఆనిన చోట మొద్దు కత్తితో గుచ్చి చూడాలి. మెత్తగా దిగిందంటే పెంకు సర్ది లాభం లేదు, వాసమే మార్చాలి. సర్దడం చూరు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. చూరు వరుసను, నడికొప్పును సున్నంతో కట్టుదిట్టం చేయాలి. పెంకులపై నేరుగా కాలు పెట్టకుండా నిచ్చెన పడుకోబెట్టి దానిపై నడవాలి. తడి కప్పు ఎక్కరాదు. కరెంటు తీగ ఇంటి మీదుగా ఉంటే సరఫరా ఆపించాకే ఎక్కాలి. ప్లాస్టిక్ కవరు వానకు అడ్డమే గాని, ఏడాది పొడుగునా ఉంచితే కింద తడి ఆరక కర్ర కుళ్ళుతుంది.

అసలు ప్రమాదం నెత్తిన పడే పెంకు కాదు, నానిన గోడ. 2022 జులైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా వరద పొంగిన ముసురు వంటిది పట్టినప్పుడు, కప్పు ఉరిసే మట్టి గోడ ఉన్నట్టుండి ఒరుగుతుంది. గోడ ఉబ్బినా, కొత్త పగులు కనిపించినా, తలుపు బిగుసుకుపోయినా ఆ రాత్రి అక్కడ పడుకోరాదు.

2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో సొంత జాగా ఉన్న పేదలకు 5 లక్షల రూపాయల సాయం ఉంది. అది అందరికీ ఒక్కసారే అందేది కాదు. ఈలోగా ప్రతి ఊళ్ళో మృగశిరకు ముందే ఒరిగిన ఇళ్ళను గుర్తించి, ఒంటరి ముసలివాళ్ళను ముసురు రోజుల్లో బడికో, పంచాయతీ ఆఫీసుకో చేర్చే ఏర్పాటు ఉండాలని గ్రామస్థులు కోరుతున్నారు.