రుచి సరే... బయటికి దారి ఉందా?

హోటల్‌కు వెళ్తే ముందు మెనూ చూస్తాం. తర్వాత ధర చూస్తాం. మరీ జాగ్రత్తపరులైతే ప్లేటు శుభ్రంగా ఉందో లేదో చూస్తాం. కానీ మనం కూర్చున్న హాలు ఎంతమందికి సరిపోతుంది, మంట రేగితే ఎటు పరుగెత్తాలి, గ్యాస్ బండలు ఎక్కడ పెట్టారన్నది మాత్రం పట్టించుకోం. ఆరోగ్యం కడుపులోకి వెళ్లే తిండితోనే ముడిపడి లేదు. ఆ తిండి పెట్టే భవనంతోనూ ముడిపడి ఉంది.

సికింద్రాబాద్ వాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. 2013 జులై 8 ఉదయం రాష్ట్రపతి రోడ్డులోని సిటీలైట్ హోటల్ భవనం కుప్పకూలింది. శిథిలాల కింద చిక్కుకుని పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2022 సెప్టెంబరు 12 రాత్రి పాస్‌పోర్టు కార్యాలయం సమీపంలో కింద విద్యుత్తు స్కూటర్ల షోరూం, పైన బస హోటల్ ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది మరణించారు. ఆర్నెల్లు తిరిగేసరికి 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన ప్రమాదం ఆరుగురు యువ ఉద్యోగులను బలి తీసుకుంది. ఈ రెండు అగ్ని ప్రమాదాల్లోనూ ప్రాణాలు తీసింది ప్రధానంగా మంట కాదు, పొగ.

మంట కంటే ముందు పొగ

హోటల్ అందంగా కనిపించడానికి వాడే వస్తువులను ఒకసారి గమనించండి. ఫోమ్ సోఫాలు, ప్లాస్టిక్ ఫాల్స్ సీలింగ్, రెక్సిన్ కుర్చీలు, థర్మాకోల్ అలంకరణ, కృత్రిమ పూలు, గోడలకు అతికించిన ప్లైవుడ్... ఇవి అంటుకుంటే నిమిషాల్లో నల్లటి పొగ కమ్మేస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఫోమ్ కాలితే హైడ్రోజన్ సైనైడ్ కూడా వెలువడుతుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. దాంతో మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లుండటం, అయోమయం. ఆ తర్వాత కాళ్లు కదలవు. కళ్లెదురుగా తలుపున్నా దాన్ని చేరుకోలేరు. గుండె జబ్బులున్నవారు, ఆస్తమా రోగులు, గర్భిణులు, పసిపిల్లలు మరింత త్వరగా దెబ్బతింటారు.

అందుకే భవన నిబంధనల్లో తలుపుల వెడల్పు దగ్గర్నుంచి మెట్ల సంఖ్య వరకు ప్రతి అంకె వెనుకా ఒకటే లెక్క ఉంటుంది. స్పృహ తప్పేలోపు మనిషి బయటికి రావాలి.

హాల్లో ఎందరు కూర్చోవచ్చు?

మన దేశంలో భవనాల భద్రతకు ఆధారం జాతీయ భవన నిర్మాణ స్మృతి. 2016లో సవరించిన ఈ స్మృతి ప్రకారం 50 మంది లేదా అంతకుమించి చేరే చోటును జనసమూహ భవనంగా లెక్కించాలి. భోజనశాలలో ఒక్కొక్కరికి 1.5 చదరపు మీటర్ల చొప్పున, అంటే సుమారు 16 చదరపు అడుగుల చొప్పున లెక్క కట్టి దారులు ఏర్పాటు చేయాలి. ఈ లెక్కన 800 చదరపు అడుగుల హాలు 50 మందికి సరిపోతుంది. అదే హాల్లో బల్లలు ఇరికించి 90 మందిని కూర్చోబెట్టారనుకోండి. అద్దె గిట్టుబాటు కావచ్చు, కానీ ఆ తలుపు 90 మందికి సరిపడేలా కట్టింది కాదు.

తలుపు బయటివైపు తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపును భయంతో తోసుకొచ్చే జనం తామే మూసేస్తారు. జనసమూహ భవనాల్లో బయటికి వెళ్లే ద్వారం కనీసం 2 మీటర్ల వెడల్పు ఉండాలని స్మృతి చెబుతోంది. ఒక్కో అంతస్తు 500 చదరపు మీటర్లు దాటినా, భవనం ఎత్తు 15 మీటర్లు దాటినా కనీసం రెండు మెట్లదారులు ఉండాలి. లిఫ్టును దారిగా లెక్కించరు. మంటలప్పుడు లిఫ్టు బావి పొగను పైఅంతస్తులకు మోసుకెళ్లే గొట్టంలా మారుతుంది.

రెండో మెట్లదారి ఉంటే సరిపోదు, అది వాడుకునేలా ఉండాలి. కూల్‌డ్రింకు క్రేట్లు, ఉల్లిపాయ బస్తాలు, విరిగిన కుర్చీలు, దొంగల భయంతో వేసిన తాళం... చాలాచోట్ల ఆ దారి గోదాముగా మారిపోతుంది. 2017 డిసెంబరు 29న ముంబయిలోని కమలా మిల్స్ ఆవరణలో మిద్దెపై నడిచే రెస్టారెంట్లలో మంటలు రేగి 14 మంది చనిపోయారు. వారిలో చాలామంది మృతదేహాలు మరుగుదొడ్ల దగ్గర దొరికాయి. మంటల నుంచి తప్పించుకోవడానికి వాళ్లు వెళ్లిన చోటు నుంచి బయటికి దారి లేదు.

సెల్లార్‌లో వంటగదా?

ఇంట్లో వాడే ఎల్‌పీజీయే హోటల్‌లోనూ వాడతారు. కాకపోతే అక్కడివి 19 కిలోల బండలు. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేల వెంట పాకి పల్లంలో చేరుతుంది. సెల్లార్‌లో వంటగది పెట్టినా, బండలు దాచినా గ్యాస్ అక్కడే పేరుకుని చిన్న నిప్పురవ్వ కోసం ఎదురు చూస్తుంది. ఫ్రిజ్ మోటారు నుంచి రేగే రవ్వ చాలు. రాష్ట్రంలో అమల్లో ఉన్న 2012 నాటి భవన నిబంధనలు సెల్లార్‌ను ప్రధానంగా వాహనాల పార్కింగ్‌కే కేటాయించాయి. అక్కడ వంటగది, గోదాము, భోజనాల హాలు పెట్టడం అందుకే ప్రమాదం.

బండలు గాలి ఆడే చోట, పొయ్యిలకు దూరంగా, నిలబెట్టి ఉంచాలి. అక్కడి నుంచి పైపు ద్వారా గ్యాస్‌ను పొయ్యిలకు తీసుకెళ్లాలి. లైసెన్సు లేకుండా ఒకేచోట 100 కిలోలకు మించి ఎల్‌పీజీ నిల్వ చేయకూడదు. అంటే 19 కిలోల నిండు బండలు ఐదుకు మించకూడదు.

పొగగొట్టం సంగతి మరొకటి. పూరీలు, చికెన్ వేపుళ్లు చేసేటప్పుడు లేచే నూనె ఆవిరి గొట్టం లోపల జిడ్డుగా పేరుకుంటుంది. శుభ్రం చేయకపోతే పెనం మీది మంట ఆ జిడ్డును అందుకుని భవనం పైదాకా పాకుతుంది. ఈ ఆవిరి వంటవాళ్ల ఊపిరితిత్తులకూ చేటే. ఎక్కువ వేడి మీద వేపేటప్పుడు వెలువడే పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం బహుశా క్యాన్సర్ కారకం అనదగ్గ వాటి జాబితాలో 2010లో చేర్చింది. హుడ్, గొట్టం సరిగా లేని వంటగదిలో రోజుకు 10 గంటలు నిలబడే మాస్టర్ పరిస్థితి ఊహించండి. ఆ గొట్టం మూతిని పక్క అపార్ట్‌మెంట్ కిటికీ వైపు తిప్పితే అక్కడి పిల్లలు, పెద్దలు కూడా ఆ పొగ పీల్చాల్సిందే. గొట్టం కప్పు దాటి పైకి వెళ్లాలి.

పాత గోడలకు కొత్త సోకు

సికింద్రాబాద్‌లో చాలా హోటళ్లు పాత భవనాల్లో నడుస్తున్నాయి. వాటిలో కొన్ని సున్నం, ఇటుకతో కట్టిన మందపాటి గోడల మీద నిలబడ్డవి. వాటికి స్తంభాలుండవు. గోడే స్తంభం. హాలు విశాలం చేయాలని మధ్య గోడ తీసేస్తే పైకప్పు బరువు మోసేదెవరు? పైన వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు పెడితే నీటి బరువే ఒక టన్ను. వంటగది నుంచి ఏళ్ల తరబడి గోడల్లోకి ఇంకే తడి మరో సమస్య. ఇక వానాకాలం వస్తే చెప్పనే అక్కర్లేదు.

రంగులు, ఫాల్స్ సీలింగ్ వేసుకోవడం వేరు. గోడ తీయడం, మెజనైన్ వేయడం, మిద్దెపై షెడ్డు వేసి భోజనాల హాలుగా మార్చడం వేరు. ఇలాంటి మార్పులకు స్ట్రక్చరల్ ఇంజినీర్ పరిశీలన, అధికారుల అనుమతి కావాలి. నివాస భవనంలో హోటల్ పెట్టాలంటే వినియోగం మార్పిడికీ అనుమతి తప్పనిసరి. మీ అపార్ట్‌మెంట్ కింద టిఫిన్ సెంటర్ వస్తుంటే ఈ పత్రాలు చూపించమని అడిగే హక్కు సంఘానికి ఉంది. అద్దె బాగా వస్తుందని తలూపే ముందు, పైన నిద్రపోయేది మీ పిల్లలేనని గుర్తుంచుకోండి.

తాతయ్య రాగలరా? పాపాయి ఊపిరి పీల్చగలదా?

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని నలుగురు పట్టుకుని మెట్లెక్కించాల్సి వస్తే అది వాళ్ల తప్పు కాదు, ఆ భవనం లోపం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జనం వచ్చే భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే 6 అంగుళాల గడప ఎత్తుకు 6 అడుగుల ర్యాంపు కావాలి. రెండడుగుల చెక్క ముక్క వేసి ర్యాంపు అంటే కుదరదు. దాని మీద చక్రాల కుర్చీ బోల్తా పడుతుంది.

మరుగుదొడ్డి తలుపు నేరుగా వంటగదిలోకి గానీ, ఆహారం ఉంచే చోటుకు గానీ తెరుచుకోకూడదు. వంటగది నేల పగుళ్లు లేకుండా, కడిగితే నీళ్లు పోయేలా ఉండాలి. గోడలు నున్నగా, తేలిగ్గా శుభ్రం చేసేలా ఉండాలి. ఆహార భద్రత నిబంధనలు చెప్పేది ఇదే. పగిలిన టైల్స్ సందుల్లో చేరేది మురికి ఒక్కటే కాదు, బొద్దింకలు కూడా.

పొగతాగే గది విషయానికొస్తే, 30 సీట్లు లేదా అంతకు మించి ఉన్న రెస్టారెంట్లే దాన్ని పెట్టుకోవచ్చని 2008 నాటి నిబంధనలు చెబుతున్నాయి. దానికి నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలు, దానంతటదే మూసుకునే తలుపు ఉండాలి. గాలి బయటికి పోయేలా ఏర్పాటు కావాలి. రాకపోకల దారిలో ఆ గది ఉండకూడదు. మూలన ఒక బల్ల వేసి ‘ఇది స్మోకింగ్ జోన్’ అంటే చెల్లదు.

అనుమతి ఎవరిది?

ఇక్కడ సికింద్రాబాద్‌లో ఒక మెలిక ఉంది. ఎంజీ రోడ్డు, మోండా మార్కెట్ ప్రాంతాల్లో భవన అనుమతి, ట్రేడ్ లైసెన్సు జీహెచ్ఎంసీ ఇస్తుంది. కార్ఖానా, తిరుమలగిరి, పికెట్ వైపు వెళ్తే కంటోన్మెంట్ బోర్డు పరిధి. ఫిర్యాదు చేసే ముందు హోటల్ ఎవరి పరిధిలో ఉందో తెలుసుకోండి.

అగ్నిమాపక శాఖ అనుమతి అన్ని భవనాలకూ వర్తించదు. 1999 నాటి చట్టం ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అది కావాలి. బడులు, ఫంక్షన్ హాళ్లు, సినిమా హాళ్లలాంటి జనం చేరే భవనాలైతే స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా తీసుకోవాలి. రెండు షట్టర్ల మధ్య నడిచే చిన్న హోటల్ ఈ లెక్కల్లోకి రాకపోవచ్చు. అందుకే కాగితం ఉందా లేదా అన్న దానితో ఆగకుండా మన కళ్లతో మనం చూసుకోవడం అవసరం.

కూర్చునే ముందు రెండు నిమిషాలు

* వచ్చిన దారి కాకుండా మరో దారి ఉందా? దాని ముందు సామాన్లున్నాయా? తాళం వేశారా?
* మెట్లు ఇరుగ్గా, చీకటిగా ఉన్నాయా? కరెంటు పోతే వెలిగే దీపం ఉందా?
* మంటలార్పే సిలిండర్లు కనిపిస్తున్నాయా? వాటి మీది గడువు తేదీ దాటిందా?
* గ్యాస్ బండలు భోజనాల హాల్లో గానీ, మెట్ల కింద గానీ ఉన్నాయా?
* 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు అందరికీ కనబడేలా పెట్టారా?
* వృద్ధులు, పిల్లలు వెంట ఉంటే కింది అంతస్తులో, దారికి దగ్గరగా ఉన్న బల్ల అడగండి.

పొగ కమ్మితే...

* ఫోన్, బ్యాగు, చెప్పుల కోసం ఆగొద్దు. పొగ పైభాగంలో చేరుతుంది కాబట్టి వంగి, అవసరమైతే పాకుతూ బయటికి రండి.
* లిఫ్టు ఎక్కొద్దు. మరుగుదొడ్డిలో దాక్కోవద్దు.
* దారిలో తలుపు ఉంటే చేతి వెనుక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తెరవొద్దు. బయటికి వస్తూ వెనక తలుపు వేసేయండి.
* మరిగే నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మంట ఎగసిపడుతుంది. పొయ్యి ఆపేసి మూత పెట్టాలి.
* బయటికి వచ్చాక 101కు, గాయపడ్డవారి కోసం 108కి ఫోన్ చేయండి.

పొగ పీల్చినవారు ‘నాకేం కాలేదు’ అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గొంతు బొంగురుపోవడం, ముక్కులో మసి, నల్లటి కఫం, ఆయాసం ఉంటే ఆలస్యం వద్దు. శ్వాసనాళం వాపు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మొద్దు. సాధారణ ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌నూ ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. అసలు సంగతి రక్త పరీక్షలో తెలుస్తుంది. మామూలు గాలిలో ఈ విషవాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు ద్వారా పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే ఎంత త్వరగా ఆక్సిజన్ పెడితే అంత మేలు.

మరొక్క మాట. మూసేసిన దారి కనిపిస్తే మేనేజర్‌తో చెప్పండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు. ‘ఆ తలుపు ముందు సామాన్లు తీయించండి’ అంటే చాలు. సాంబారులో ఉప్పు ఎక్కువైతే పిలిచి చెబుతాం కదా. దీనికి మొహమాటం దేనికి? పదిమంది అడిగితే పదకొండో రోజుకి ఆ క్రేట్లు అక్కడుండవు.